శస్త్రచికిత్స ఎప్పుడు? ఆంత్రవృద్ధి, పిత్తాశ్మరుల చరిత్ర

గుండెకు, ఊపిరితిత్తులకు ప్రక్కటెముకల కోట ఉన్నది. మెదడుకు పుర్రె ఉన్నది. కాని ఉదరములోని ప్రేగులకు ముందువైపున అటువంటి ఎముకల రక్షణ లేదు. వాటిని లోపల నిలిపి ఉంచేవి కండరాలు, వాటిని అంటి ఉండే తెల్లని గట్టి పొరలు మాత్రమే. ఈ గోడ ఎక్కడైనా బలహీనపడితే, దగ్గినప్పుడు, ముక్కినప్పుడు, బరువు ఎత్తినప్పుడు లోపలి ప్రేగుగాని క్రొవ్వుగాని ఆ సందులోనుండి త్రోసుకొని వచ్చి చర్మము క్రింద ఉబ్బుగా కనిపిస్తుంది. దీనినే ఆంత్రవృద్ధి అంటారు. హెర్నియా అనే పేరు ఈనాడు పల్లెలలో సైతము వాడుకలోకి వచ్చినది. ఇది గజ్జలో ఎక్కువగాను, బొడ్డు దగ్గర, తొడ మొదట, పాత శస్త్రచికిత్స మచ్చలమీద తక్కువగాను వస్తుంది.

కాలేయము క్రిందిభాగాన చిన్న వంకాయ ఆకారంలో ఒక సంచి ఉన్నది. దాని పేరు పిత్తాశయము. కాలేయము తయారుచేసే పైత్యరసము భోజనాల మధ్యకాలంలో ఇక్కడ చేరి చిక్కబడుతుంది. క్రొవ్వు పదార్థాలు తిన్నప్పుడు సంచి ముడుచుకొని రసాన్ని ప్రేగులోకి పంపుతుంది. ఈ రసములోని పదార్థాలు గడ్డకట్టి రాళ్లుగా మారితే పిత్తాశ్మరి ఏర్పడుతుంది.

ఈ రెండు వ్యాధుల మధ్య శరీరధర్మ సంబంధమైన చుట్టరికము లేదు. కాని రెండింటి విషయంలోనూ రోగి వేసే ప్రశ్న ఒక్కటే: “కోయించుకోవాలా, అక్కరలేదా? ఇప్పుడే కావాలా, కొంతకాలము ఆగవచ్చునా?” ఒకప్పుడు ఈ ప్రశ్నకు చావు బ్రతుకుల మీదనే సమాధానము దొరికేది. ఈనాడు వైద్యుడు కొంత ధైర్యముగా సమాధానము చెప్పగలుగుతున్నాడంటే, దాని వెనుక మూడున్నర వేల ఏండ్ల చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర తెలిసిన రోగికి భయము తగ్గుతుంది, జాగ్రత్త పెరుగుతుంది.

ప్రాచీనుల పరిజ్ఞానము

ఆంత్రవృద్ధిని గుర్తించటానికి యంత్రాలు అక్కరలేదు. అది కంటికి కనబడుతుంది, చేతికి తగులుతుంది. అందుచేతనే అతి ప్రాచీన గ్రంథాలలో దాని ప్రస్తావన ఉన్నది. క్రీ. పూ. 1550 ప్రాంతంలో ఈజిప్టులో వ్రాయబడిన ఎబర్స్ పపైరస్ అనే వైద్యగ్రంథములో, దగ్గినప్పుడు పైకి వచ్చే పొట్టవాపు వర్ణింపబడినది.

మన సుశ్రుతుడు వృద్ధిరోగాలను ఏడు విధాలుగా విభజించాడు. వాటిలో మూత్రవృద్ధి ఒకటి, ఆంత్రవృద్ధి మరొకటి. మూత్రవృద్ధి అంటే వృషణము చుట్టూ నీరు చేరటము. మనము వరిబీజమని పిలిచేది ఇదే. దానిని శస్త్రముతో పొడిచి గొట్టము ద్వారా నీరు తీసివేయవలెనని ఆయన చెప్పాడు. ఆంత్రవృద్ధి విషయంలో మాత్రము, ప్రేగు వృషణకోశములోనికి దిగిన తరువాత అది అసాధ్యమన్నాడు. దిగకమునుపే కాల్చి చికిత్స చేయవలెనన్నాడు. ఈ భేదము తెలియటము ఎంత ముఖ్యమో ఆలోచించండి. నీరనుకొని ప్రేగును పొడిస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. ఈనాటికీ ఆ ప్రాంతములో కనిపించే ప్రతి వాపునూ వరిబీజమనో, బుడ్డ అనో తేలికగా అనుకొని ఊరుకొనే వారున్నారు. పడుకుంటే లోపలికి పోయి, లేచి నిలబడితే, దగ్గితే పైకి వచ్చే వాపు సాధారణంగా ఆంత్రవృద్ధి అవుతుంది. కాబట్టి పేరు పెట్టే పని వైద్యునికే వదలటము మంచిది.

క్రీ. శ. మొదటి శతాబ్దములో రోమను రచయిత సెల్సస్ ఆంత్రవృద్ధిని చేతితో మెల్లగా లోపలికి నెట్టటము, నడికట్టు కట్టటము, శస్త్రచికిత్స చేయటము అనే మూడు పద్ధతులను వివరించాడు. కాని మత్తుమందు లేదు. గాయములో చీము పట్టకుండా కాపాడే మార్గము తెలియదు. అన్నిటికన్నా మించి, గజ్జలో ఏ పొర ఎక్కడ ఉన్నదో స్పష్టంగా తెలియదు.

తిరుగుడు వైద్యులు

మధ్యయుగములో యూరపు ఖండమున ఈ చికిత్స చాలావరకు ఊరూరా తిరిగే కోతగాళ్ల చేతిలో పడినది. వారు వాపును కోసి, దానితోపాటు ఆ ప్రక్క వృషణాన్ని కూడ తీసివేసేవారు. గాయము మానేదాకా ఊరిలో ఉండేవారు కారు. రోగి బ్రతికితే వారి కీర్తి, చనిపోతే అతని తలవ్రాత.

పదునారవ శతాబ్దములో ఈ దురాచారానికి ఎదురుతిరిగిన వైద్యులు కొందరు పుట్టారు. ఫ్రాన్సులో అంబ్రాజ్ పారే వృషణాన్ని అకారణంగా తీసివేయటాన్ని తీవ్రంగా ఖండించాడు. పియర్ ఫ్రాంకో 1556లో ఆంత్రవృద్ధిని గూర్చి గ్రంథము ప్రకటించి, ప్రేగు బిగిసిపోయినప్పుడు చేయదగిన శస్త్రచికిత్సను వివరించాడు. 1559లో జర్మనీలోని లిండౌ పట్టణానికి చెందిన కాస్పార్ స్ట్రోమేర్ గజ్జలో వచ్చే ఆంత్రవృద్ధులు రెండు రకాలని గమనించాడు. ఒకటి వృషణనాళము వెళ్లే మార్గము వెంట దిగేది, రెండవది కండరాల గోడను నేరుగా త్రోసుకొని వచ్చేది. రెండవదానిలో వృషణాన్ని ముట్టుకోనక్కరలేదని ఆయన నిర్ణయము.

లండనులో ఒక బాలుడు, ఒక రాణి

ఇక్కడ రెండు సంఘటనలు ప్రక్కప్రక్కన పెట్టి చూడదగినవి. రెండూ లండనులోనే, రెండేండ్ల వ్యవధిలో జరిగినవి.

1735 డిసెంబరు 6వ తేదీన సెయింట్ జార్జి ఆసుపత్రిలో క్లాడియస్ అమ్యాండ్ అనే శస్త్రవైద్యుడు పదకొండేండ్ల బాలునికి ఆంత్రవృద్ధి శస్త్రచికిత్స చేశాడు. బాలుని తొడవద్ద చాలకాలంగా ఒక పుండు కారుతున్నది. కోసి చూడగా, ఉబ్బులోనికి జారిన భాగము ఉండుకము, అనగా అపెండిక్స్. బాలుడు ఎప్పుడో మ్రింగిన ఒక గుండుసూది దానిని చీల్చుకొని వచ్చినది. అమ్యాండ్ ఉండుకాన్ని తీసివేశాడు. మత్తుమందు లేకుండా దాదాపు అరగంట సాగిన ఈ చికిత్సకు ఆ బాలుడు తట్టుకొని బ్రతికాడు. ఉండుకాన్ని తొలగించి రోగిని బ్రతికించిన మొదటి సందర్భముగా వైద్యచరిత్ర దీనిని పేర్కొంటున్నది.

ఇదే అమ్యాండ్ ఇంగ్లండు రాజు రెండవ జార్జికి ఆస్థాన శస్త్రవైద్యులలో ఒకడు. ఆ రాజు భార్య కెరొలిన్ రాణికి 1724లో కడపటి కాన్పు జరిగినప్పటినుండి బొడ్డువద్ద ఆంత్రవృద్ధి ఉండేది. ఆమె సిగ్గుపడి దానిని భర్తకు తప్ప దాదాపు ఎవరికీ తెలియనీయలేదు. వైద్యులకు సైతము చెప్పలేదు. 1737 నవంబరులో విపరీతమైన కడుపునొప్పి, వాంతులు పట్టుకొన్నవి. వైద్యులు కారణము తెలియక ఏవేవో మందులు ఇచ్చారు. చివరకు రాజే రహస్యము బయటపెట్టాడు. అప్పటికి బిగిసిన ప్రేగు కుళ్లిపోయినది. వైద్యులు కోశారు, ఫలితము లేకపోయినది. నవంబరు 20వ తేదీన, తన 54వ ఏట, ఆమె మరణించినది.

దేశములోని పేరుమోసిన వైద్యులందరూ పిలిస్తే పలికే దూరములో ఉండికూడ రాణి చనిపోయినది. ధర్మాసుపత్రిలోని బాలుడు బ్రతికాడు. బాలుని రోగము వైద్యుని కంటపడినది. రాణి రోగము దాగి ఉన్నది. ఈ చరిత్రలో మనము మరువరాని పాఠము ఇది.

ప్రేగుకు ఏమి జరుగుతుందో కూడ ఇక్కడే చెప్పుకొనవలెను. సన్నని సందులోనుండి వచ్చిన ప్రేగు తిరిగి పోలేక చిక్కుకొంటే, మెడకు ఉరి బిగించినట్లు ఆ సందు దాని రక్తనాళాలను నొక్కుతుంది. ముందుగా రక్తము తిరిగిపోవటము ఆగి ప్రేగు వాచిపోతుంది. వాపు పెరిగినకొద్దీ బిగింపు ఎక్కువవుతుంది. కడకు రక్తము లోనికి రావటము కూడ ఆగిపోయి, కొన్ని గంటలలోనే ప్రేగు చచ్చిపోతుంది.

నొప్పి పోయినది, చీము పోయినది

ధైర్యముతో, తెలివితో మాత్రమే శస్త్రచికిత్స ముందుకు సాగలేదు. రెండు ఆవిష్కరణలు కావలసివచ్చినవి. 1846 అక్టోబరు 16వ తేదీన అమెరికాలోని బోస్టను నగరములో విలియం మార్టన్ ఈథరు ఆవిరి పీల్పించి రోగిని నొప్పి తెలియని స్థితిలో ఉంచవచ్చునని బహిరంగంగా చూపాడు. మరుసటి ఏడు ఎడింబరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫారమును ప్రవేశపెట్టాడు.

ఈ కథలో మన హైదరాబాదుకు కూడ చోటున్నది. క్లోరోఫారము ఇచ్చినప్పుడు కొందరు రోగులు ఆకస్మికంగా చనిపోయేవారు. ముందు ఆగేది శ్వాసమా, గుండెయా అన్నది ఆనాటి పెద్ద వివాదము. హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా ఉన్న ఎడ్వర్డ్ లారీ, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఇచ్చిన ధనసహాయముతో 1888లో ఒకటి, 1889లో ఒకటి, రెండు క్లోరోఫారము కమిషన్లు నడిపాడు. రెండవదానికి లండనునుండి లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ వైద్యుడు వచ్చాడు. వందలాది జంతువులపై ప్రయోగాలు జరిగినవి. ముందుగా ఆగేది శ్వాసమేననీ, దానిని కనిపెట్టుకొని ఉంటే ప్రమాదము లేదనీ కమిషను తీర్మానించినది. మత్తులో ఉన్న రోగి శ్వాసను క్షణమైనా విడువక చూడవలెనన్న బోధ నిలిచినది. కాని గుండెకు ప్రమాదము లేదన్న భాగము నిలువలేదు. 1911లో గుడ్మన్ లీవీ ప్రయోగాలు చేసి, క్లోరోఫారము తక్కువ మోతాదులో కూడ గుండె లయను చెడగొట్టగలదని నిరూపించాడు. క్లోరోఫారము వైద్యశాలలనుండి క్రమంగా తప్పుకొన్నది.

రెండవ ఆవిష్కరణ క్రిమినాశనము. 1867లో జోసెఫ్ లిస్టర్ గాయాలకు కార్బాలిక్ ఆమ్లము వాడి చీమును నివారించిన ఫలితాలను ప్రకటించాడు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్, క్రిమినాశక ద్రవము వలన చేతులు పుండుపడిన ఒక నర్సుకోసము సన్నని రబ్బరు చేతితొడుగులు చేయించాడు. శస్త్రవైద్యుడు కూడ వాటిని తొడుగుకొంటే చీము ఎంత తగ్గుతుందో ఆయన శిష్యుడు జోసెఫ్ బ్లడ్‌గుడ్ 1899లో లెక్కలతో చూపాడు. ఆ లెక్కలు వ్రాసినది ఆంత్రవృద్ధి శస్త్రచికిత్సల మీదనే.

బస్సీని చేసిన మార్పు

ఇటలీ దేశస్థుడు ఎడ్వార్డో బస్సీని 1867లో, యువకుడుగా, గరిబాల్డి పక్షాన రోము సమీపములో పోరాడుతూ గజ్జలో బాయ్‌నెట్ పోటు తిన్నాడు. ప్రేగు చిల్లిపడి చాలకాలము బాధపడి కోలుకొన్నాడు. తన గాయమే తనను గజ్జ నిర్మాణము వైపు నడిపినదో ఏమో, తరువాత పాదువా విశ్వవిద్యాలయములో శస్త్రవైద్యుడై ఆ భాగాన్నే శ్రద్ధగా పరిశీలించాడు.

అంతవరకు వైద్యులు ఉబ్బిన సంచిని కట్టి, పైన కుట్టేవారు. లోపలి గోడ బలహీనంగానే ఉండేది కనుక ఉబ్బు మళ్లీ వచ్చేది. బస్సీని 1884లో మొదలుపెట్టిన పద్ధతిలో గజ్జలోని మార్గాన్ని పూర్తిగా తెరచి, సంచిని మొదటికంటా కట్టి తీసివేసి, వెనుకగోడను కండరాలతో క్రొత్తగా కట్టినట్లు కుట్టాడు. 262 శస్త్రచికిత్సలలో 7 మాత్రమే మళ్లీ ఉబ్బినవని ఆయన లెక్క చూపాడు. చేసినవారిని అంతటితో వదలక, ఏండ్ల తరబడి విచారించి ఆ లెక్క తయారుచేయటము ఆయన గొప్పతనము. ఊరు విడిచిపోయే కోతగానికీ, శాస్త్రజ్ఞునికీ భేదము అక్కడనే ఉన్నది.

అయినా ఒక లోపము మిగిలినది. దూరముగా ఉన్న కండరాలను లాగి కుడితే కుట్టుమీద బిగువు పడుతుంది. నొప్పి ఎక్కువ, కొందరిలో కుట్టు తెగటము కూడ కద్దు. చినిగిన పంచెను లాగి కుట్టేకన్నా మాసిక వేయటము మేలు గదా! 1958 ప్రాంతములో అమెరికాలో ఫ్రాన్సిస్ అషర్ ప్లాస్టిక్ దారముతో అల్లిన వలను అట్లా మాసికగా వాడాడు. 1989లో లాస్ ఏంజిలిస్‌కు చెందిన ఇర్వింగ్ లిక్టెన్‌స్టైన్, కండరాలను లాగకుండా వల అమర్చే పద్ధతి ఫలితాలను ప్రకటించిన తరువాత అది లోకమంతటా వ్యాపించినది. ఆ వల సందులగుండా శరీరము తన కణజాలాన్ని అల్లుకొని గోడను గట్టిపరచుకొంటుంది.

వల ఖరీదు బీదవారికి అందదనే చిక్కుకు కూడ మన దేశములోనే ఒక సమాధానము పుట్టినది. మహారాష్ట్రలోని దొండాయిచా అనే చిన్న పట్టణములో రవీంద్రనాథ్ తొంగావంకర్ అనే శస్త్రవైద్యుడు, దోమతెర బట్టను శుద్ధిచేసి వలగా వాడి, 2003లో తన అనుభవాన్ని ప్రకటించాడు. 2016లో ఉగాండాలో 302 మంది పురుషులపై జరిగిన పరీక్షలో ఏడాది తరువాత చూస్తే, చవుక వల వాడినవారిలో ఒక్కరికి మాత్రమే ఉబ్బు మళ్లీ వచ్చినది. ఖరీదైన వల వాడినవారిలో ఎవరికీ రాలేదు. రెండింటికీ భేదము లేనట్లే లెక్క.

పిత్తాశయములోని రాళ్లు

పిత్తాశ్మరి లోపల దాగి ఉండే వ్యాధి కనుక దాని సంగతి చాల ఆలస్యంగా తెలిసినది. ఫ్లారెన్సు నగర వైద్యుడు బెనివియెని మృతదేహాలను కోసి చూసి వ్రాసిన వివరణలు 1507లో అచ్చయినవి.

రసాయనశాస్త్రానికి ఈ రాళ్లతో దగ్గరి సంబంధము ఉన్నది. పదునెనిమిదవ శతాబ్దములో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పులెతియే ద లా సాల్ వీటినుండి మైనము వంటి తెల్లని పదార్థాన్ని వేరుచేశాడు. తరువాత షెవ్రెల్ దానికి గ్రీకు భాషలో పైత్యము, ఘనము అనే అర్థాలున్న మాటలతో పేరు పెట్టాడు. నేడు అందరి నోటా వినిపించే కొలెస్టరాల్ ఇదే. పైత్యరసములోని లవణాలు దీనిని సబ్బువలె కరిగించి ఉంచుతవి. ఆ పాళ్లు తప్పి కొలెస్టరాల్ ఎక్కువయితే స్ఫటికాలుగా పేరుకొంటుంది. పైత్యపు రంగు పదార్థముతో ఏర్పడే నల్లని, గోధుమరంగు రాళ్లు మరొక రకము. మన దేశములో ఉత్తరాదిన కొలెస్టరాల్ రాళ్లు హెచ్చు. దక్షిణాదిన రంగు రాళ్ల పాలు హెచ్చు. రైల్వే కార్మికులను పరిశీలించి 1968లో మల్హోత్రా ప్రకటించిన వ్యాసము ప్రకారము, ఈ వ్యాధి ఉత్తరాదివారిలో దక్షిణాదివారికన్నా ఏడు రెట్లు ఎక్కువ.

1867లో అమెరికాలోని ఇండియానాపోలిస్ నగరములో జాన్ బాబ్స్ అనే వైద్యుడు వేరొక గడ్డ అనుకొని ఒక స్త్రీ ఉదరము కోశాడు. లోపల రాళ్లతో నిండిన పిత్తాశయము కనిపించినది. దానిని తెరచి, రాళ్లు తీసివేసి, తిరిగి కుట్టాడు. ఆమె వైద్యుని మరణానంతరము కూడ చాలకాలము జీవించినది. తరువాత కొందరు ఇట్లాగే రాళ్లు మాత్రము తీయసాగారు. కాని సంచి అట్లానే ఉండటముచేత కొందరిలో రాళ్లు మళ్లీ పుట్టేవి.

బెర్లిను నగరములోని లాజరస్ ఆసుపత్రిలో కార్ల్ లాంగెన్‌బుఖ్ మరొక విధంగా ఆలోచించాడు. రాళ్లు తయారయ్యే చోటునే తీసివేస్తే ఏమి? గుర్రానికి, ఎలుకకు, పావురానికి పిత్తాశయము లేదు. అయినా అవి హాయిగా బ్రతుకుతున్నవి. పదిహేడవ శతాబ్దములోనే కుక్కలకు పిత్తాశయము తీసివేసి చూచినవారున్నారు, అవి బ్రతికినవి. లాంగెన్‌బుఖ్ మృతదేహాలపై అభ్యాసము చేసి, 1882 జూలై 15వ తేదీన 43 ఏండ్ల రోగికి మొట్టమొదటిసారిగా పిత్తాశయాన్ని తొలగించాడు. ఆ రోగి 16 ఏండ్లుగా నొప్పితో చిక్కి, మార్ఫియాకు అలవాటుపడినవాడు. మరునాటికే నొప్పి లేకుండా చుట్ట కాల్చుకొంటూ కనిపించాడట!

మన రోగులలో చాలమందికి ఇక్కడనే ఒక అనుమానము వస్తుంది: “సంచి తీసివేస్తే అరుగుదల ఎట్లా?” పైత్యరసాన్ని తయారుచేసేది కాలేయము; రోజుకు అర లీటరునుండి లీటరుదాకా చేస్తుంది. పిత్తాశయము 30 నుండి 50 మిల్లీలీటర్లు పట్టే నిలువపాత్ర మాత్రమే. అది లేకపోతే రసము నేరుగా ప్రేగులోకి కారుతుంది. కొందరికి కొన్ని వారాలు విరేచనాలు పలుచగా కావచ్చును. తరువాత మామూలు భోజనమే.

పెద్ద కోతనుండి చిన్న రంధ్రాలకు

1924లో అమెరికాలో గ్రాహం, కోల్ అనే వైద్యులు పిత్తాశయాన్ని ఎక్స్-రేలో కనిపింపజేసే మందును కనుగొన్నారు. 1970 తరువాత అల్ట్రాసౌండ్ పరీక్ష వచ్చి, ఏ మందూ ఇవ్వకుండానే రాళ్లను చూడటము సాధ్యమైనది.

1985 సెప్టెంబరు 12వ తేదీన జర్మనీలోని బోబ్లింగెన్‌లో ఎరిక్ మ్యూహె ఉదరాన్ని వాయువుతో ఉబ్బించి, సన్నని దర్శినిని, పనిముట్లను లోపలికి పంపి పిత్తాశయాన్ని తీశాడు. మరుసటి ఏడు ఆయన తన పద్ధతిని వివరించగా తోటి వైద్యులు ఆదరించలేదు. తరువాత ఫ్రాన్సులో మూరే, ద్యుబువా మొదలైనవారు దీనిని సాధించగా లోకము నమ్మినది. మన దేశములో 1990లో బొంబాయిలో తెహెంతాన్ ఉద్వాడియా ఈ చికిత్సను ప్రారంభించాడు. లాపరోస్కోపీ అనే ఈ పద్ధతిలో నొప్పి తక్కువ, ఆసుపత్రిలో ఉండవలసిన కాలమూ తక్కువ.

అయితే క్రొత్తలో ఒక కీడు కూడ జరిగినది. కాలేయమునుండి వచ్చే ముఖ్యమైన పైత్యనాళాన్ని పిత్తాశయ నాళమని పొరపడి కోయటము పెరిగినది. అందుకే 1995లో స్ట్రాస్‌బర్గ్, ఏ నాళాన్ని కోయాలో సందేహము లేకుండా కనిపించేవరకు కత్తెర వేయరాదనే నియమాన్ని స్పష్టపరచాడు. రంధ్రాలద్వారా మొదలుపెట్టిన శస్త్రవైద్యుడు లోపల దారి స్పష్టంగా లేదని మామూలు కోతకు మారితే రోగి దానిని వైఫల్యముగా భావించరాదు. అది వైద్యుని వివేకము.

ఆగటము కూడ చికిత్సయే

శస్త్రచికిత్స సులభమైనకొద్దీ, ఎవరికి అక్కరలేదో తెలుసుకోవటము ముఖ్యమైనది. 1982లో గ్రేసీ, రాన్సహాఫ్ అనేవారు, ఏ బాధా లేకుండా పరీక్షలో మాత్రమే రాళ్లు కనిపించిన 123 మంది మిచిగన్ విశ్వవిద్యాలయ అధ్యాపకుల చరిత్రను ప్రకటించారు. 15 ఏండ్లలో నొప్పి వచ్చినది సుమారు నూటికి 18 మందికి మాత్రమే. కనుక వేరొక కారణానికి స్కానింగు చేయించుకొన్నప్పుడు బయటపడిన మౌనపు రాళ్లకు సాధారణంగా కత్తి అక్కరలేదు. చాల పెద్ద రాళ్లు, పిత్తాశయపు గోడలో మార్పులు, రక్తకణాలు చితికే జబ్బులు ఉన్నవారి సంగతి వేరు. గంగా మైదాన ప్రాంతములో పిత్తాశయపు క్యాన్సరు హెచ్చు గనుక అక్కడి వైద్యులు దానినీ ఆలోచిస్తారు. ఒకసారి నొప్పి మొదలైన రాళ్లు మాత్రము ఊరుకొనేవి కావు, తొలగించుకోవటమే మంచిది.

ఆంత్రవృద్ధికి ఇట్లాంటి పరీక్షనే 2006లో అమెరికాలో ప్రకటించారు. గజ్జలో ఉబ్బు ఉండి బాధ అంతగా లేని 720 మంది పురుషులలో కొందరికి వెంటనే శస్త్రచికిత్స చేశారు. తక్కినవారిని కనిపెట్టి చూశారు. ఆగినవారిలో ఉబ్బు హఠాత్తుగా చిక్కుకొనటము ఏడాదికి వెయ్యిమందిలో ఇద్దరికన్న తక్కువ. కాని పదేండ్లలో, నొప్పి పెరిగి, సుమారు మూడింట రెండువంతులమంది చివరకు శస్త్రచికిత్సకే వచ్చారు. కాబట్టి ఆగటము ప్రమాదము కాదు, మరచిపోవటము ప్రమాదము. ఈ వెసులుబాటు స్త్రీలకు వర్తించదు. వారిలో తొడ మొదట వచ్చే ఆంత్రవృద్ధి ఎక్కువ. దాని సందు ఇరుకు గనుక ఉరి పడే భయము హెచ్చు. పసిపిల్లల గజ్జ వాపును కూడ ఆలస్యము చేయరాదు.

రోగి గుర్తుంచుకోవలసినవి

ఉబ్బు అకస్మాత్తుగా గట్టిపడి, నొప్పి పుట్టి, పడుకొన్నా లోపలికి పోకపోతే, వాంతులు వచ్చి మలము, వాయువు ఆగిపోతే, అది రేపటిదాకా ఆగే విషయము కాదు. ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లవలెను. మర్దన చేయటము, బలముగా నెట్టటము కూడదు. నడికట్టు ఉబ్బును కప్పిపుచ్చుతుంది, మాన్పదు. పిత్తాశ్మరి ఉన్నవారికి చలిజ్వరము, కండ్లు పచ్చబడటము, గంటల తరబడి తగ్గని నొప్పి వస్తే అదీ ఇంతే. రాయి జారి నాళములో అడ్డుపడినదేమో చూడవలెను. నోటిద్వారా దర్శినిని పంపి నాళములోని రాయిని తీసే పద్ధతి 1974నుండి ఉన్నది.

మూత్రపిండాలలో చిన్నరాళ్లు నీరు బాగా త్రాగితే జారిపోవచ్చును. పిత్తాశయపు రాళ్లు అట్లా పోవు. ఆలివునూనె, నిమ్మరసము త్రాగితే రాళ్లు పడతవనే మాట ఒకటి ప్రచారములో ఉన్నది. 2005లో లాన్సెట్ పత్రికలో ఒక రోగి విరేచనములో పడిన ఆకుపచ్చని “రాళ్ల” పరిశీలన అచ్చయినది. వాటిలో కొలెస్టరాల్ లేదు, పైత్యపు రంగు లేదు. త్రాగిన నూనె ప్రేగులో క్షారాలతో కలిసి ఏర్పడిన సబ్బు ఉండలే అవి. సబ్బు తయారయ్యే విధానము చదివిన ఏ విద్యార్థియైనా దీనిని గ్రహించగలడు. కరిగించే మందులు కొన్ని ఉన్నవిగాని, సంచి ఉన్నంతకాలము రాళ్లు మళ్లీ రావచ్చును.

శస్త్రచికిత్సకు ముందు తనకున్న చక్కెరవ్యాధి, ఉబ్బసము, గుండెజబ్బు, వాడుతున్న మందులు, ముఖ్యంగా రక్తము పలుచబడటానికి వాడేవి, పడని మందులు, ఏవీ దాచకుండా చెప్పవలెను. చుట్ట, బీడీ, సిగరెట్టు మానవలెను. దగ్గు క్రొత్త కుట్టుకు శత్రువు. మత్తు ఇచ్చేముందు వైద్యుడు చెప్పినన్ని గంటలు కడుపు ఖాళీగా ఉంచవలెను. ఒక ముద్ద తింటే ఏమవుతుందిలే అనుకొంటే, మత్తులో అది పైకి వచ్చి ఊపిరితిత్తులలోకి పోవచ్చును. తరువాత నెలలకొద్దీ మంచము పట్టి ఉండనక్కరలేదు. మెల్లగా లేచి నడవటమే మంచిది. బరువులు ఎప్పటినుండి ఎత్తవచ్చునో వైద్యుణ్ణి అడిగి ఆ ప్రకారము నడుచుకొనవలెను.

వైద్యుణ్ణి అడగటములో తప్పులేదు. ఇది ఇప్పుడే అవసరమా? ఆగితే ఏమి కావచ్చును? ఏ పద్ధతి, ఎందుకు? ఏ లక్షణము కనిపిస్తే వెంటనే రావలెను? ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానము తెలిసిన రోగి సగము భయము వదలినట్లే. ఇక వాపు ఎక్కడ ఉన్నదో చెప్పటానికి సిగ్గుపడేవారు, ముఖ్యంగా మన ఇండ్లలోని స్త్రీలు, వృద్ధులు, ఇంటిలోని వారికైనా చెప్పవలెను. ఇంటిలోని వారు వెంటబెట్టుకొని తీసుకొనిపోవలెను. కెరొలిన్ రాణి కాలములో చెప్పినా వైద్యుడు చేయగలిగినది కొద్దియే. ఈనాడు చెప్పిన మనిషికి చేయగలిగినది చాల ఉన్నది.